గోదావరి డెల్టాలో కొత్తగా దిగారా? ఆటతో స్నేహాలు ఇలా కలుపుకోండి

బ్యాంకు ట్రాన్స్‌ఫర్ మీద అమలాపురం వచ్చినవాళ్లు, సచివాలయంలో పోస్టింగ్ పడి రాజోలు పక్క పల్లెలో గది తీసుకున్నవాళ్లు, రొయ్యల చెరువుల పని మీద భీమవరం చేరినవాళ్లు, పెళ్లయి పాలకొల్లులో కాపురం పెట్టినవాళ్లు... అందరిదీ మొదటి రెండు మూడు నెలలు ఒకటే బాధ. పగలు పనిలో గడిచిపోతుంది. సాయంత్రం ఆరయ్యేసరికి ఏమీ తోచదు. ఇక్కడివాళ్లు మర్యాదస్తులు. దారి అడిగితే బండి ఎక్కించుకుని ఇంటి దగ్గర దింపుతారు. కానీ ఆ మర్యాద స్నేహం కావాలంటే రోజూ కలవడానికి ఒక వంక కావాలి. ఆటను మించిన వంక నాకైతే కనిపించలేదు.

ముందే ఒక మాట. దీనికి మీకు ఆట బాగా రావాల్సిన పని లేదు. ఆట చుట్టూ బోలెడు చిన్న చిన్న పనులుంటాయి: నెట్టు కట్టడం, బంతి తేవడం, స్కోరు చెప్పడం, చందా లెక్క చూడడం. వాటిలో చెయ్యి వేసినవాడిని ఈ ఊళ్లు చాలా త్వరగా తమవాడిని చేసుకుంటాయి. బాగా ఆడి వెళ్లిపోయేవాడిని మెచ్చుకుంటారు, అంతే.

ఎక్కడ ఆడుతున్నారో కనుక్కోవడం

డెల్టాలో ఆటలు పంటను బట్టి నడుస్తాయి. జూన్‌లో కాలవలకు నీళ్లు వదిలాక చేలన్నీ సార్వా (వానాకాలం వరి) నాట్లతో నిండిపోతాయి, ఖాళీ నేల అనేది కనపడదు. అప్పుడు వాన తెరిపి ఇచ్చిన సాయంత్రాల్లో మెరక మీదున్న స్కూలు గ్రౌండ్లో వాలీబాల్, టౌనులో అయితే ఇండోర్ షటిల్. సంక్రాంతి వచ్చిందంటే కబడ్డీ, వాలీబాల్ టోర్నమెంట్లు. దాళ్వా (రెండో పంట వరి) కోతలు అయిపోయి, కాలవలు కట్టేసి, చేలు ఎండి గట్టిపడ్డాక పిల్లలూ పెద్దలూ టెన్నిస్ బాల్ పట్టుకుని క్రికెట్‌కు దిగుతారు. కోనసీమలో అయితే కొబ్బరి తోటల మధ్య ఏమాత్రం జాగా ఉన్నా ఒక నెట్టు వేలాడుతూ ఉంటుంది. మీరు ఏ నెలలో వచ్చారో చూసుకుని దాన్ని బట్టి వెతకండి.

అడగాల్సిన మనుషులు ముగ్గురు. హైస్కూల్లో పీఈటీ మాష్టారు, స్కూలు దగ్గరున్న టీ కొట్టాయన, టౌన్లో రాకెట్లకు గట్టింగ్ (తీగలు) వేసే షాపాయన. ఈ ముగ్గురిలో ఎవరిని కదిపినా ఏ బ్యాచ్ ఎన్ని గంటలకు ఆడుతుందో, ఎవరికి మనుషులు తక్కువయ్యారో చెప్పేస్తారు. గట్టింగ్ వేసే ఆయనకు షటిల్ ఆడేవాళ్లందరి ఆట తీరు కూడా తెలుసు. మీ ఆట ఏపాటిదో ఉన్నదున్నట్టు చెబితే తగిన బ్యాచ్‌కే పంపిస్తారు.

రాజమండ్రిలో ఉంటే ఇంకా సులువు. ఆర్ట్స్ కాలేజీ గ్రౌండ్‌కు పొద్దున్నే వెళ్లండి. నడిచేవాళ్లు, పరిగెత్తేవాళ్లు, ఆడేవాళ్లు అంతా అక్కడే కనిపిస్తారు.

మొదటి వారం: ఆట మొదలవకముందే వెళ్లండి

కొత్తవాళ్లు చాలామంది ఆట మంచి ఊపులో ఉన్నప్పుడు వెళ్లి గట్టు మీద నిలబడతారు. అప్పుడు ఎవరికీ మిమ్మల్ని చూసే తీరిక ఉండదు. అరగంట ముందు వెళ్లండి. అప్పటికి ఇద్దరు ముగ్గురే వచ్చి ఉంటారు. వాలీబాల్ అయితే నెట్టు కడుతూ ఉంటారు.

నెట్టు కట్టడం ఇద్దరి వల్ల కాని పని. ఒక పక్క తాడు స్తంభానికి ముడేస్తారు. రెండో పక్క ఒకతను కాలు స్తంభానికి తన్నిపెట్టి బలమంతా పెట్టి లాగుతాడు, పక్కనున్నతను అది జారకముందే ముడి బిగించాలి. మూడో మనిషి మధ్యలో నిలబడి చెయ్యి పైకెత్తి నెట్టు ఎత్తు చూసి, ‘ఇంకొంచెం, ఇంకొంచెం... చాలు’ అనాలి. మగవాళ్ల వాలీబాల్‌కు నెట్టు ఎత్తు 2.43 మీటర్లు. పల్లెల్లో టేపు పెట్టి ఎవరూ కొలవరు, పొడుగాటి వాడొకడు చెయ్యెత్తితే వేళ్లు ఎక్కడిదాకా వచ్చాయో అదే కొలత. ఆ మూడో మనిషి మీరు అవ్వండి. ఎవరూ పిలవక్కర్లేదు, వెళ్లి నెట్టు కింద నిలబడి చెయ్యెత్తండి. ‘ఎలా ఉందండీ?’ అని అటునుంచి వాళ్లే అడుగుతారు. మీ పరిచయం అక్కడ మొదలైనట్టే.

రోజూ ఒకే టైముకు వెళ్లండి. ఆదివారం మూడు గంటలు ఉండి వారమంతా కనపడకపోవడం కంటే, రోజూ ఒక అరగంట కనపడడం మేలు. కాళ్లకు బూట్లు వేసుకునే వెళ్లండి. వాలీబాల్‌కు పక్కకు ఆరుగురు కావాలి, బాల్ బ్యాడ్మింటన్‌కు అయిదుగురు. ఏదో ఒక రోజు ఒక మనిషి తక్కువవుతాడు. చెప్పులతో ఉన్నవాడిని పిలవడానికి మొహమాటపడతారు, బూట్లతో ఉన్నవాడిని వెంటనే రమ్మంటారు.

గ్రౌండ్ పక్కన కాలవ ఉంటే బంతి అందులో పడకుండా ఉండదు. పడిందంటే ఆట ఆగిపోతుంది, అందరూ గట్టు మీదకు పరిగెడతారు. కాలవ నిండుగా పారుతున్నప్పుడు బంతి చూస్తుండగానే గుర్రపుడెక్క దాటి వెళ్లిపోతుంది. ఊళ్లోవాళ్లకు ఏ రేవు దగ్గర దాన్ని పట్టుకోవచ్చో తెలుసు. పొడుగాటి గెడ ఒకటి ఎక్కడో దాచి ఉంచుతారు. మీరు నీళ్లలోకి మాత్రం దిగకండి, లోతు తెలియని కాలవ అది. గట్టు వెంట వాళ్లతో పాటు పరిగెత్తండి, గెడ అందించండి. బంతి ఒడ్డుకు వచ్చాక ఆ నాలుగు నిమిషాల హడావుడి గురించి అందరూ మాట్లాడుకుంటారు, అందులో మీరూ ఉంటారు.

మాట కలపడం

ఇక్కడ మీకు తప్పకుండా ఎదురయ్యే మొదటి ప్రశ్న ‘మీది ఏ ఊరండీ?’ దాని వెనకే ఎవరి తాలూకా, ఎవరబ్బాయి అనేవి కూడా రావచ్చు. తప్పుగా తీసుకోకండి, మనిషిని గుర్తుపెట్టుకోవడానికి వాళ్లకున్న పద్ధతి అది. ఊరి పేరు చెప్పి, వెంటనే ‘మా వైపు ఖో-ఖో ఎక్కువ ఆడతారండి, ఇక్కడ వాలీబాల్ ఇంత బాగా ఆడతారని తెలియదు’ అని మాటను ఆట మీదకు తెచ్చేయండి. సంభాషణ వంశాల వైపు వెళ్లకుండా సాఫీగా నడుస్తుంది.

మీ అభిప్రాయాలతో మొదలుపెట్టకండి. అవతలివాళ్లు ఇష్టంగా జవాబు చెప్పే ప్రశ్న ఒకటి అడగండి. అమలాపురం చుట్టుపక్కల ఉంటే సాత్విక్ సాయిరాజ్ రంకిరెడ్డి గురించి అడగడం కంటే మంచి ప్రశ్న లేదు. అమలాపురం కుర్రాడు, షటిల్ ఆటగాడు. తండ్రి వ్యాయామ ఉపాధ్యాయుడు. చిరాగ్ శెట్టితో కలిసి 2022లో కామన్వెల్త్ స్వర్ణం, 2023లో హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో స్వర్ణం గెలిచి, ఆ అక్టోబరులోనే డబుల్స్‌లో ప్రపంచ నంబర్ వన్ అయ్యాడు. 2022లో షటిల్‌లో మగవాళ్ల జట్ల పోటీ అయిన థామస్ కప్‌ను భారత్ తొలిసారి గెలిచిన జట్టులోనూ ఉన్నాడు. గంటకు 565 కిలోమీటర్ల వేగంతో స్మాష్ కొట్టి గిన్నిస్ రికార్డు కూడా సాధించాడు. ఈ వివరాలు మీరు వాళ్లకు చెప్పక్కర్లేదు, వాళ్లకు తెలుసు. ‘అతన్ని చిన్నప్పుడు మీరు చూశారా అండీ?’ అని అడిగి ఊరుకోండి.

కాకినాడ వైపైతే క్రికెటర్ హనుమ విహారి. అక్కడ పుట్టినవాడు. 2021 జనవరిలో సిడ్నీ టెస్టులో తొడ కండరం పట్టేసి పరిగెత్తలేని స్థితిలో అశ్విన్‌తో కలిసి చివరిదాకా నిలబడి, 161 బంతులు ఆడి 23 పరుగులతో నాటౌట్‌గా మ్యాచ్‌ను డ్రా చేసిన ఇన్నింగ్స్ గుర్తుచేస్తే ఆ పొద్దున ఎక్కడ కూర్చుని చూశారో ఒక్కొక్కరూ చెబుతారు. అతని పరుగులు ఎన్ని అన్నదాని కంటే ఆ రోజు వాళ్లు ఏం చేస్తున్నారన్నది మీకు ముఖ్యం. మనిషి తన గురించి చెప్పుకోవడం అక్కడే మొదలవుతుంది.

పెద్దవాళ్లుంటే క్రికెట్ పక్కన పెట్టి ‘మీ రోజుల్లో చెడుగుడు ఎలా ఆడేవారండీ?’ అనండి. జట్లు ఎలా పంచుకునేవారో, పంటలేసుకోవడమా, చీట్లా, ఎవరికి కూత ఆగేది కాదో, ఏ ఊరివాళ్లు మొండిగా పట్టేవారో... ఒక్కసారి మొదలుపెడితే చీకటి పడేదాకా ఆపరు. నాకు ఈ కబుర్లంటే ప్రాణం. రాసిపెట్టుకునేవాళ్లు లేక పోతున్న చరిత్ర అంతా ఆ అరుగుల మీదే ఉంది.

పిలుపుల విషయంలో తొందరపడకండి. వయసుతో పని లేకుండా మొదట అందరికీ ‘అండీ’. పెద్దవాళ్లకు ‘బాబాయ్ గారూ’, మాష్టారైతే ‘మాష్టారూ’. కుర్రాళ్లను ‘తమ్ముడూ’ అనొచ్చు. ‘ఒరే బావా’ అని వాళ్లలో వాళ్లు అనుకుంటుంటే మీరూ ఆ మాట అందుకోకండి. వాళ్లే మిమ్మల్ని ‘బావా’ అని పిలిచే రోజు వస్తుంది. ఆ తర్వాత పర్వాలేదు.

ఆడే అవకాశం వచ్చినప్పుడు

స్మాష్ కొట్టాలని ఆరాటపడొద్దు. వెనక లైన్లో నిలబడి వచ్చిన సర్వీసును, స్మాష్‌కు బంతి లేపే (లిఫ్ట్ చేసే) వాడి చేతికి అందేలా ఇవ్వండి. మంచి పాస్ ఇచ్చేవాడికి ప్రతి జట్టులోనూ చోటుంటుంది. షటిల్ డబుల్స్‌లో మధ్యలోకి వచ్చిన కాక్‌కు ‘నాది’ అని గట్టిగా అరవండి. అరవకుండా ఇద్దరూ వదిలేస్తే వచ్చే చికాకు కొత్తవాడి మీదే పడుతుంది. తప్పు కొట్టినప్పుడు సంజాయిషీలు వద్దు, చెయ్యెత్తి ఒప్పుకుని తర్వాతి పాయింటుకు సిద్ధంగా నిలబడండి.

లైన్ మీద పడిందా బయట పడిందా అనే గొడవ రోజూ ఉంటుంది. నెల రోజుల పాటు ఆ గొడవలో ఏ పక్కా మాట్లాడకండి. మీకు స్పష్టంగా కనపడి, మిమ్మల్నే అడిగితే మాత్రం నిజం చెప్పండి, అది మీ జట్టుకు నష్టమైనా సరే. ఆ ఒక్క పాయింటు పోతే పోయింది, ఆ తర్వాత తగువొచ్చిన ప్రతిసారీ ‘ఆయన్ని అడగండి’ అంటారు.

డబ్బు సంగతి మొదటి వారంలోనే అడిగేయండి. ఫెదర్ కాక్‌లు ఖరీదైన వ్యవహారం, మంచి ఆట పడితే ఒక్క సాయంత్రంలో రెండు మూడు పాడవుతాయి. బ్యాచ్‌లో వంతులవారీగా డబ్బా తెస్తుంటారు. ‘నా వంతు ఎప్పుడండీ?’ అని అడగండి. కొత్తవాళ్లు కదా అని వద్దంటారు. అయినా మూడో వారానికి ఒక డబ్బా తెచ్చి అక్కడ పెట్టండి. మరీ ఖరీదైన బ్రాండు వద్దు, వాళ్లు వాడేదే తేవాలి. దర్జా చూపిస్తున్నాడనుకుంటే పక్కన కూర్చోబెట్టి మాట్లాడతారు గానీ దగ్గరకు రానివ్వరు.

మ్యాచ్ కలిసి చూడడం

ఒంటరిగా గదిలో ఫోన్లో మ్యాచ్ చూస్తుంటే వెంటనే మానేయండి. అదే మ్యాచ్ టీ కొట్టు దగ్గర చూడండి. ఐపీఎల్ రోజుల్లో సన్‌రైజర్స్ మ్యాచ్ ఉందంటే టీవీ ఉన్న ప్రతి కొట్టు ముందూ కుర్చీలు పడతాయి. అక్కడ చెన్నై అభిమానులూ ఉంటారు, బెంగళూరు అభిమానులూ ఉంటారు. మీది ఏ జట్టైనా దాచుకోవద్దు, కానీ ఓడినవాళ్లను ఆ రాత్రి కదపకండి. మర్నాడు కలిసినప్పుడు వాళ్ల జట్టులో బాగా ఆడినవాడి గురించి ఒక మంచి మాట అనండి. ఓడిన పక్కనుంచి వచ్చే స్నేహం గట్టిగా ఉంటుందని నా నమ్మకం.

చూసేటప్పుడు కామెంటరీకి పోటీగా మాట్లాడేవాడితో అందరికీ విసుగు. ఓవరు ఓవరుకూ మధ్య మాట్లాడండి. బజ్జీలు వస్తే ముందు పక్కవాడికి అందించండి. బిల్లు ఒకసారి మీరు, ఒకసారి వాళ్లు. లెక్క కట్టి ఫోన్లో ఎవరి వాటా వాళ్లు పంపించుకోవడం మొదటి రోజుల్లో వద్దు.

ఆడవాళ్లకు

గ్రౌండ్‌కు వెళ్లి నిలబడండి అని ఆడవాళ్లకు చెప్పడం తేలికే, ఆచరణలో అది వేరు. సాయంత్రం గ్రౌండ్లు చాలావరకు మగవాళ్లతో నిండి ఉంటాయి, ఒక్కరే వెళ్లి నిలబడితే అందరూ చూస్తారు. అందుకని మీ దారి పొద్దున్నే. అయిదున్నర, ఆరు గంటలకు కాలేజీ గ్రౌండ్లో, కాలవ గట్టు మీద నడిచే ఆడవాళ్ల బృందాలు ఉంటాయి. వాళ్లతో వారం నడిస్తే షటిల్ ఆడాలని మనసులో ఉన్నవాళ్లు ఒకరిద్దరు దొరుకుతారు. రెండు రాకెట్లు కొని వీధిలోనే మొదలుపెట్టండి, నెట్టు కూడా అక్కర్లేదు. గాలికి ఫెదర్ నిలవదు, ప్లాస్టిక్ కాక్ చాలు.

పిల్లలున్నవాళ్లకు ఇంకో తలుపు ఉంది. కోచింగుకు పిల్లల్ని దింపి బయట బెంచీ మీద ఎదురుచూసే తల్లులు. అక్కడ ఫోన్ తీయకండి. ‘మీ పాప ఎన్నాళ్ల నుంచి నేర్చుకుంటోందండీ?’ చాలు. 2025 నవంబరులో మన అమ్మాయిలు వన్డే ప్రపంచ కప్ గెలిచారు, ఆ జట్టులో కడప జిల్లా అమ్మాయి శ్రీచరణి ఉంది. ఆ పేరు ఎత్తితే ఆటల్లో పెట్టాలా వద్దా అని తటపటాయించే తల్లి కూడా మాట్లాడుతుంది.

దూరంగా ఉండాల్సినవి

బెట్టింగ్. ఇందులో నాకు రెండో మాట లేదు. వంద రూపాయలే కదా, సరదాకే కదా అని మొదలవుతుంది. డబ్బు మధ్యలోకి వచ్చిన రోజు నుంచి పక్కవాడు స్నేహితుడు కాడు, ఇవ్వాల్సినవాడో రావాల్సినవాడో అవుతాడు. క్రికెట్ పందేలు చట్టప్రకారం నేరం కూడా. ఎవరైనా అడిగితే ‘నాకు అలవాటు లేదండి’ అని నవ్వుతూ చెప్పండి, రెండుసార్లు చెబితే మూడోసారి అడగరు. సంక్రాంతికి కోడిపందేల బరికి రమ్మని పిలిచినా అదే జవాబు. అక్కడ డబ్బు కోసం కోళ్లను చంపుకోవడమే తప్ప ఆట లేదు, పైగా కేసులు.

టోర్నమెంటు ఫ్లెక్సీల మీద నాయకుల బొమ్మలు, హీరోల బొమ్మలు, కులం పేర్లు కనిపిస్తాయి. వాటి మీద మీ అభిప్రాయం అడిగినా చెప్పకండి. ఏ జట్టుకు ఎవరు అండగా ఉన్నారో ఊరికి తెలుసు, కొత్తవాళ్లు అందులో వేలు పెడితే స్నేహాలు సగానికి సగం తెగుతాయి.

సంక్రాంతి మీకు మంచి అదను

పండగ మూడు రోజులూ సొంతూరు వెళ్లిపోకుండా ఒక్క ఏడాది ఇక్కడే ఉండి చూడండి. హైదరాబాదు, బెంగళూరు నుంచి వచ్చినవాళ్లతో ఊరు నిండిపోతుంది. టోర్నమెంటు పెట్టేవాళ్లకు చేతులు చాలవు. వారం ముందే వెళ్లి ‘ఏం చెయ్యమంటారండీ?’ అని అడగండి. కబడ్డీలో కూతకు వెళ్లినవాడికి 30 సెకన్లే టైము, గడియారం పట్టుకునేవాడు కావాలి. స్కోరు బోర్డు మీద అంకెలు మార్చేవాడు కావాలి. బయటి ఊరి జట్లకు భోజనాలు చూసేవాడు కావాలి. మీకు ఏ వర్గంతోనూ సంబంధం లేదు కాబట్టి గడియారం మీ చేతికే ఇస్తారు, కొత్తవాడిగా ఉండడం కలిసొచ్చేది అక్కడే. ఆ పండక్కి మీరు కనీసం మూడు నాలుగు ఇళ్లలో భోజనం చేస్తారు. ఒట్టి చేతులతో వెళ్లకండి, పిల్లలకు టెన్నిస్ బంతులు పట్టుకెళ్లండి.

మీ వీధిలో కోర్టే లేకపోతే

మీరే వేయండి. ఒక్కరి వల్ల కాదు, ఎదురింటివాళ్లు, పక్కింటి కుర్రాళ్లు కలిస్తే అవుతుంది. ఖాళీ సైటు చూసుకుని ముందు యజమాని అనుమతి అడగండి, ఎప్పుడు ఇల్లు కట్టుకుంటానంటే అప్పుడు ఖాళీ చేస్తామని మాటివ్వండి. షటిల్ కోర్టుకు పొడవు 13.4 మీటర్లు, వెడల్పు 6.1 మీటర్లు, నెట్టు మధ్యలో ఎత్తు 1.524 మీటర్లు. వాలీబాల్‌కు 18 మీటర్ల పొడవు, 9 మీటర్ల వెడల్పు. చుట్టూ రెండు మూడు మీటర్లు వదలాలి. స్తంభాలకు సరుగుడు కర్రలు చాలు, రెండడుగుల లోతున పాతి చుట్టూ రాళ్లతో దిట్టంగా కూరండి. మన బంకమట్టి వానకు మెత్తబడి ఎండకు పగుళ్లు విచ్చుతుంది, అందుకని ట్రాక్టరు ఇసుకో గ్రావెలో తోలించి చదును చేయించుకోవాలి. గీతలకు సున్నం. కొబ్బరిచెట్టు కింద మాత్రం వద్దు, కాయ నెత్తిన పడితే ప్రమాదం.

సాయంత్రం మొదటి గంట పిల్లలకు వదిలేయండి. పిల్లలు ఆడే చోటుకు వీధి అడ్డు చెప్పదు. లైట్లకు కరెంటు పక్కింటి నుంచి తీసుకుంటే చిన్న మీటరు ఒకటి పెట్టించి, నెలాఖరుకు ఎంత కాలిందో, ఎవరు ఎంత ఇచ్చారో వాట్సాప్ గ్రూపులో రాయండి. కరెంటు ఇచ్చిన ఇంటివాళ్ల దగ్గర మాత్రం చందా తీసుకోవద్దు.